లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కొనేముందు తెలుగులో వెతికి చూడండి

యూనివర్సిటీ లైబ్రరీకి సాఫ్ట్‌వేర్ ఎంపిక చేసే కమిటీ పెద్దలకు ఒక మాట. సంతకం పెట్టేముందు ఒక తెలుగు ఎంఏ విద్యార్థిని పిలిచి, ఆ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తనకు కావాల్సిన పుస్తకాలు వెతకమనండి. ఆ ఒక్క పని చాలాచోట్ల జరగడం లేదు.

జరిగేదేంటంటే, టెండర్ పిలుస్తారు, కంపెనీవాళ్లు వచ్చి వాళ్లు తెచ్చుకున్న డేటాతో, అదీ ఇంగ్లిష్ పుస్తకాలతో డెమో ఇస్తారు, పాసైనవాళ్లలో ఎల్1, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాళ్లు ఎవరో వాళ్లకే ఆర్డర్. విద్యాసంస్థలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లకి సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, ఆటోమేషన్ పూర్తిగానా పాక్షికంగానా, ఏ సంవత్సరంలో అయింది, ఇవి నింపి పంపిస్తారు. వెతికినవాడికి పుస్తకం దొరికిందా అన్న గడి అందులో ఉండదు.

నేను చదివిన యూనివర్సిటీలో తెలుగులో 'కథలు' అని కొడితే ఒక్క ఫలితం కూడా వచ్చేది కాదు. పై అంతస్తులో బీరువాల నిండా కథా సంపుటాలే! రికార్డులు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు, ఎవరికి తోచిన స్పెల్లింగ్ వాళ్లు. తెలుగులో ఎక్కించిన కాసిన్నింటిలో 'కధలు' అని ఉంది, 'థ'తో వెతికేవాళ్లకి అవి కనపడవు.

సాఫ్ట్‌వేర్ చేతకాక కాదు ఇదంతా. లైబ్రరీలు పుస్తకాల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే ప్రామాణిక పద్ధతి మార్క్ 21లో 880 ఫీల్డ్ ఉన్నదే పుస్తకం పేరు లాంటివి సొంత లిపిలో కూడా రాయడానికి. న్యూజిలాండ్‌లో ఒక ప్రాంతీయ లైబ్రరీ కోసం తయారై 2000లో మొదలైన కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు ఖర్చే లేదు, కానీ అందులో వెతకడానికి వాడే జీబ్రా ఇండెక్స్‌ని, యూనికోడ్ లిపుల్ని గుర్తించే ఐసీయూ పద్ధతికి మార్చకపోతే మన లిపితో సరిగ్గా వెతకలేం. ఆ సెట్టింగ్ గురించి డెమోలో ఎవరైనా అడిగారా? యూనివర్సిటీ లైబ్రరీల కోసం పనిచేసే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ తయారుచేసిన సోల్ సాఫ్ట్‌వేర్ కూడా 2009లో వచ్చిన 2.0 నుంచి యూనికోడ్‌లో పనిచేస్తుంది. అంటే దారి ఉంది, అడిగేవాళ్లే లేరు.

పుస్తకాలు, జర్నల్స్ అన్నీ ఒకేచోట వెతికిపెట్టే ఖరీదైన విదేశీ డిస్కవరీ సర్వీసులు తీసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అలాంటి సర్వీసుల్లో ఒకటైన ప్రైమోని తయారుచేసిన ఎక్స్ లిబ్రిస్ కంపెనీని 2015లో ప్రోక్వెస్ట్ కొంది, ఆ ప్రోక్వెస్ట్‌ని 2021లో క్లారివేట్ కొంది. యజమాని మారితే రేట్లూ షరతులూ మారొచ్చు. ఇంగ్లిష్ జర్నల్స్ వరకు అవి బాగా పనికొస్తాయి, నేను కాదనను. మన పాత తెలుగు పత్రికల సంచికలు మాత్రం మనం రికార్డులు తయారుచేసుకుంటే తప్ప అందులో కనపడవు.

అందుకే టెండర్ కాగితంలోనే రాయండి: డెమో మా రికార్డుల మీదే ఇవ్వాలి, తెలుగులో వెతికి చూపించాలి, ఒప్పందం ముగిస్తే మా డేటా మొత్తం మార్క్ ఫైళ్లుగా అదనపు ఖర్చు లేకుండా ఇచ్చెయ్యాలి. కోహా లాంటిది తీసుకుంటే లైసెన్సు మీద మిగిలే డబ్బుతో, పుస్తకాల వివరాలు ఎక్కించడానికి తెలుగు బాగా వచ్చిన కేటలాగర్లని పెట్టుకోండి, ముందు ఆ 'కధలు' సరిదిద్దించండి.