తూటా పట్టింది కదా అని 1873 రైఫిల్‌లో పెట్టి కాల్చేవాళ్ళకి

ఇప్పుడే రేంజ్ నుంచి వస్తున్నా, ఇంకా ఒళ్ళు మండిపోతోంది. ఇక్కడ టెక్సస్‌లో మా బ్యాచ్‌లో ఒక తమ్ముడు గన్ షోలో పాత విన్‌చెస్టర్ 1873 మోడల్ లివర్ రైఫిల్ కొన్నాడు, 1880ల్లో తయారైంది, 44-40 అనే తూటా కాల్చేది. వాడి సంబరం చూసి నాకూ ముచ్చటేసింది. కానీ దాంట్లో వేసి కాలుస్తున్నవి ఏంటయ్యా అంటే, అదే షోలో ఎవడో ఇంట్లో రీలోడ్ చేసి, అంటే కాల్చేసిన ఇత్తడి కేసుల్లో మళ్ళీ మందూ బుల్లెట్టూ పెట్టి, జిప్ కవర్లో పోసి అమ్మిన తూటాలు. లోపల ఏ పౌడరో, ఎన్ని గ్రెయిన్లో (మందు తూచే చిన్న కొలత), ఏ రైఫిల్ కోసం చేశాడో ఒక్క ముక్క రాసి లేదు. నేను వెళ్ళేసరికి కాల్చిన కేసు బయటికి రాక లివర్‌ని అరచేత్తో కొడుతున్నాడు. ఎలాగో ఊడొచ్చిన కేసు చూస్తే అడుగున మందుని అంటించే ప్రైమర్ చదునైపోయి అంచులదాకా పరుచుకుపోయి ఉంది. ప్రెజర్ ఎక్కువైందని చెప్పడానికి ఇంకేం కావాలి? ఆపరా బాబూ అంటే "ఏం కాదన్నా, తూటాని పైకెత్తే లిఫ్టర్ మీద 44 అనుంది, తూటా మీదా 44-40 అనే ఉంది, కరెక్ట్‌గా పట్టింది కూడా" అంటాడు.

పడితే చాలా? ఆ తూటా పుట్టినప్పుడు అందులో ఉన్నది 40 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు), 200 గ్రెయిన్ల మెత్తటి సీసం బుల్లెట్. 1873 మోడల్‌లో బోల్టుని వెనక్కి రాకుండా ఆపేది రెండు పక్కలా ఉండే మడత లింకులే, వాటిని పట్టి ఉంచేవి సన్నటి పిన్నులు. తర్వాత తుపాకుల డిజైనర్ బ్రౌనింగ్ చేసిన 1892 మోడల్‌లో బోల్టుని రెండు నిలువు లాకులు పట్టుకుంటాయి, దాని బలం వేరు. ఈ తేడా విన్‌చెస్టర్ వాళ్ళకే బాగా తెలుసు, అందుకే 1892 కోసం హై వెలాసిటీ 44-40 చేసినప్పుడు 1873లో వాడొద్దని డబ్బా మీదే అచ్చేశారు. వందేళ్ళ కిందటి డబ్బాకి ఉన్న బాధ్యత ఈ జిప్ కవర్ వాడికి లేదు! ఇవాళ్టికీ 44-40కి సామీ (అమెరికాలో తూటాలకి ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన గరిష్ఠ ప్రెజర్ 11,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), అదే 44 మాగ్నమ్‌కి 36,000. రెండిటి పేర్లలోనూ 44 ఉంది కాబట్టి రెండూ ఒకటే అంటారా?

"మరి మా ఫ్రెండ్ 1894 మోడల్‌లో 30-30 ఫ్యాక్టరీ తూటాలు బాగానే కాలుస్తున్నాడుగా, అదీ విన్‌చెస్టరేగా" అని ఇంకో వాదన. అరే, 30-30 స్మోక్‌లెస్ పౌడర్‌తోనే (పొగ తక్కువ, బలం ఎక్కువ ఉన్న మందు) 1895లో వచ్చింది, దానికోసం నికెల్ స్టీల్ బ్యారెల్ పెట్టారు. అదే 1894 మోడల్‌లో మొదట వచ్చినవి 32-40, 38-55, బ్లాక్ పౌడర్ తూటాలు. మోడల్ పేరు కాదు, నీ చేతిలో ఉన్న ఆ ఒక్క రైఫిల్ ఏంటో చూడాలి. 45-70 సంగతీ అంతే, రీలోడింగ్ మాన్యువల్ తీస్తే ఒకే తూటాకి మూడు వేరే లెక్కలుంటాయి, బలం తక్కువున్న పాత ట్రాప్‌డోర్ రైఫిల్‌కి ఒకటి, ఇప్పటి మార్లిన్ లివర్ రైఫిల్స్‌కి ఒకటి, బాగా గట్టిదైన రూగర్ నంబర్ వన్‌కి ఒకటి. మూడోది తీసుకెళ్ళి మొదటిదాంట్లో పెడితే అది రైఫిల్ కాదు, మొహం ముందు పెట్టుకున్న బాంబు. కేసు నిండా బ్లాక్ పౌడర్ పోసేవాళ్ళు కదా అని స్మోక్‌లెస్ కూడా అదే కొలతలో పోసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని తలుచుకుంటేనే భయమేస్తుంది. ఇక తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉండే ట్యూబ్ మ్యాగజీన్‌లో మొనదేలిన గట్టి బుల్లెట్లు వేసేవాళ్ళు... ముందున్న తూటా ప్రైమర్‌ని వెనకదాని మొన తాకుతూ ఉంటుంది, రీకాయిల్‌కి ఏమవుతుందో ఆలోచించరా?

గన్‌స్మిత్‌కి చూపించి హెడ్‌స్పేస్ (బోల్టుకీ తూటా అడుగుకీ మధ్య సందు), లింకులు, చాంబర్ చెక్ చేయించు, బ్యారెల్ లోపలి కొలత తీయించు, పాత 44-40లకి అది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. తర్వాత బ్లాక్ పౌడర్ అయినా, పాత రైఫిళ్ళకి పనికొస్తుందని తయారీదారే చెప్పిన తక్కువ ప్రెజర్ లోడ్ అయినా వాడు. బ్లాక్ పౌడర్ అయితే ఆ రోజే వేడినీళ్ళతో కడిగి నూనె రాయి. ఇంతకన్నా ఏం అడుగుతున్నా నేను?

అసలు నా కోపం ఈ కుర్రాడి మీద కన్నా వాడికి అమ్మినోడి మీద. 1898 దాకా తయారైనవి ఫెడరల్ చట్టంలో యాంటిక్ కింద వస్తాయి, చెకింగులూ ఫారాలూ అక్కర్లేదు, దాంతో టేబుల్ మీద పెట్టి "బాగా కాలుస్తుంది" అని ఒక్క మాట చెప్పి అంటగట్టేస్తారు. ఏం కాల్చాలి, ఏం కాల్చకూడదు అని ఒక చీటీ రాసివ్వడానికి చేతులు రావు. కానీ బఫింగ్ వీల్ పట్టుకోడానికి మాత్రం చేతులొస్తాయి! ఈ 1873నీ వదల్లేదు. నూట నలభై ఏళ్ళకి వచ్చిన రంగంతా గీకేసి, తళతళా మెరిసే కొత్త బ్లూయింగ్ (ఉక్కుకి వేసే నీలినలుపు పూత) వేశారు. బ్యారెల్ పైన కంపెనీ అడ్రస్ అక్షరాలు సగం అరిగిపోయాయి, రిసీవర్ అంచులు గుండ్రంగా తయారయ్యాయి, స్క్రూల తలలు చెడిపోయాయి. అంత పాలిష్ కొట్టినోడికి లింకు పిన్ను వదులైందని కనపడలేదా? దాన్ని ఒరిజినల్ ఫినిష్ అని చెప్పి, ఆ రేటుకే అమ్మాడు.