సవరణ: కేడీ, ఈసీ50 ఒకటి కావు

కణ గ్రాహకాలపై (మందు వచ్చి అతుక్కునే ప్రోటీన్లపై) ఇంతకుముందు వెలువడిన వ్యాసంలో, రేడియోధార్మిక గుర్తు ఉన్న పదార్థం గ్రాహకాలకు ఎంత అతుక్కుందో కొలిచే రేడియోలిగాండ్ పరీక్షలో వచ్చే కేడీ విలువనే మందు పనిచేసే గాఢతగా తీసుకోవచ్చని ఉంది. ఆ వాక్యాన్ని కింది వివరణతో కలిపి చదువుకోవలసిందిగా మనవి.

సమతాస్థితిలో సగం గ్రాహకాలు నిండడానికి కావలసిన గాఢత కేడీ కాగా, గరిష్ఠ స్పందనలో సగం రావడానికి కావలసిన గాఢత ఈసీ50. గ్రాహకాలు అవసరానికి మించి ఉన్న కణాల్లో కొద్ది భాగం నిండగానే స్పందన గరిష్ఠానికి చేరుతుంది కనుక, ఈసీ50 కేడీ కన్నా బాగా తక్కువగా రావచ్చు. గ్రాహక జన్యువును ఎక్కించి, అది అతిగా వ్యక్తమయ్యేలా చేసిన హెచ్‌ఈకే293 కణాలతో (ప్రయోగశాలలో పెంచే మానవ కణాలతో) పనిచేసేవారు దీన్ని ముఖ్యంగా గమనించాలి. అక్కడ పాక్షిక అగోనిస్టు (గ్రాహకాన్ని కొంతమేరకే ఉత్తేజపరిచే పదార్థం) కూడా పూర్తి అగోనిస్టులా కనిపించి పక్కదారి పట్టిస్తుంది. కొన్ని గ్రాహకాలను తిరిగి తెరుచుకోని విధంగా మూసివేసి, అంతకు ముందూ తర్వాతా వచ్చిన స్పందన వక్రరేఖలను పోల్చి కేడీని అంచనా వేసే పద్ధతిని రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1966లో వివరించారు. శ్రమ ఎక్కువైనా, నా దృష్టిలో ఇప్పటికీ అదే నమ్మదగిన దారి.

కణం లోపల సంకేతాన్ని చేరవేసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు కొలతలో కూడా ఒక మెట్టు చేర్చుకోవాలి. జీఐ అనే నిరోధక ప్రోటీన్‌తో ముడిపడిన గ్రాహకం సైక్లిక్ ఏఎంపీని తగ్గిస్తుంది. మొదటే సైక్లిక్ ఏఎంపీ మట్టం అడుగున ఉంటే తగ్గుదల కంటికి ఆనదు. అందుకే ఫోర్‌స్కోలిన్‌తో సైక్లిక్ ఏఎంపీని తయారుచేసే ఎంజైము ఎడినైలైల్ సైక్లేజ్‌ను ఉత్తేజపరిచి కొలవాలి. ఐబీఎంఎక్స్ అనే పదార్థం, సైక్లిక్ ఏఎంపీని విడగొట్టే ఫాస్ఫోడయెస్టరేజ్ ఎంజైములను అడ్డుకుని, అప్పటికే ఉన్న సైక్లిక్ ఏఎంపీ విచ్ఛిన్నం కాకుండా చూస్తుందే తప్ప, ఫోర్‌స్కోలిన్‌కు ప్రత్యామ్నాయం కాదు.