మీసం చూసి వయసు చెప్పగలమా?

(విజయవాడలో పాత పుస్తకాల కొట్టు. బాబాయి పురికొస విప్పుతున్నారు. ఎదురుగా స్టూలు మీద ఆయన అన్నగారి కూతురు, లాయరు.)

బాబాయి: ఈ కట్ట కిలోల లెక్కన కొన్నాను. మధ్యలో బూతు పత్రిక ఒకటి ఉండి, నేను చూడకముందే ఏ కుర్రవాడో కొనుక్కుపోతే నేరం నాదెలా అవుతుందమ్మా?

అమ్మాయి: బొంబాయి పుస్తకాల వ్యాపారి రంజిత్ ఉదేషీ కూడా లోపల ఏముందో తెలియదనే అన్నాడు. 1964లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తెలియకపోవడం శిక్ష తగ్గించడానికి పనికొస్తుందేమో గాని, నేరం నుంచి బయటపడేయదంది.

బాబాయి: అయితే పేజీ పేజీ చదివాకే అమ్మాలా? అమెరికా సుప్రీంకోర్టు 1959లోనే ఈ పద్ధతిని కొట్టేసింది. కొట్టువాడు తాను చదివినవే అమ్మితే జనానికి పుస్తకాలు కరువవుతాయని.

అమ్మాయి: నువ్వు చదివినవే ఉంచితే ఈ కొట్లో పంచాంగాలు తప్ప ఏమీ మిగలవు, నిజమే. కానీ పిల్లల చేతికిచ్చేది చూసుకోమనడం అంత భారమా?

బాబాయి: చూసుకున్నా వయసు ఎలా తెలుస్తుంది? మొన్న ఒకడొచ్చాడు. నూనూగు మీసం, బొంగురు గొంతు, భుజాన కాలేజీ సంచి. పదహారా, పంతొమ్మిదా? న్యూయార్క్‌లో పదహారేళ్ల కుర్రవాడికి పత్రికలమ్మిన కొట్టువాడి శిక్షను 1968లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది, కాదనను. అయినా వయసు తెలుసుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించి పొరబడితే తప్పు లేదని అప్పటి ఆ రాష్ట్ర చట్టంలోనే ఉండేది. మనకెందుకు లేదు?

అమ్మాయి: అక్కడ ఆ పత్రికలు పెద్దవాళ్లకు అమ్మడం నేరం కాదు. ఇక్కడ అశ్లీలమని తేలితే ఎవరికి అమ్మినా మన నేరాల చట్టం భారతీయ న్యాయ సంహితలో 294వ సెక్షన్, మొదటిసారి రెండేళ్ల దాకా జైలు. పద్దెనిమిది నిండనివాడికైతే 295, మూడేళ్ల దాకా. ‘పెద్దవాడనుకున్నాను’ అన్నావంటే 295 తప్పించుకుని 294లో పడతావు.

బాబాయి: జరిమానా మాత్రం మొదటిసారి పిల్లవాడికమ్మితే రెండు వేలు, పెద్దవాడికమ్మితే ఐదు వేలు! ఇదేం లెక్క?

అమ్మాయి: అది పార్లమెంటును అడుగు. నీకు పనికొచ్చే దారి వేరే ఉంది. (బల్ల మీద విడిగా పెట్టిన పుస్తకం చూసి) ఆ పుస్తకమేమిటి?

బాబాయి: గర్భం, కాన్పు మీద డాక్టరు రాసింది. బొమ్మలున్నాయి. పదో తరగతి అమ్మాయి అడిగితే లేదని పంపించేశాను.

అమ్మాయి: అయ్యో, ఇచ్చి ఉండాల్సింది! విజ్ఞానం, సాహిత్యం, కళ, చదువు కోసం ప్రజలకు మేలు చేసే పుస్తకమైతే 294లోనే మినహాయింపు ఉంది. 295 చెప్పేదీ ఆ సెక్షన్‌లోని వస్తువుల గురించే.

బాబాయి: ఆ మేలు రుజువు చేయాల్సింది ఎవరు?

అమ్మాయి: నువ్వే.

బాబాయి: చూశావా! పోలీసులు పట్టుకుపోయాక, కోర్టులో, లాయరు ఫీజు కట్టి. అందుకే లేదన్నాను.

అమ్మాయి: (కాసేపాగి) ఆ పుస్తకం ఇలా ఇవ్వు. ఆ పిల్ల మళ్లీ వస్తే నా దగ్గరికి పంపు.