పిట్టపిల్లకు పాలాభిషేకం

ఏ ఘట్టమైనా ముందు పాలు తెమ్మనడం మన ఆచారం. గృహప్రవేశానికి పొంగిస్తాం, నాగులచవితికి పుట్టలో పోస్తాం, సినిమా విడుదలైతే కటౌటు నెత్తిన కుమ్మరిస్తాం. కనుక ఎండాకాలంలో చెట్టు మీంచి పిట్టపిల్ల ఒకటి కింద పడితే ఏం చేయాలన్నది మనకసలు ప్రశ్నే కాదు. పాముకైతే ఇష్టం లేకపోతే పుట్టలోపలికి జారుకునే వీలుంది. పిట్టపిల్లకి అదీ లేదు. నోరు విప్పదీసి మరీ పోస్తాం.

ఏ అపార్టుమెంటు చూసినా ఇదే తంతు. గేటు మీద కాగితపు పూల తీగ, అందులో పిగిలిపిట్ట గూడు. గుడ్డులోంచి వచ్చి పన్నెండు రోజులు దాటాక పిల్ల బయటికి దూకింది. ఒంటి నిండా ఈకలున్నాయి, తోక మాత్రం బొటనవేలి గోరంత. ఎగరడం రాదు, గెంతడం వచ్చు. ఇది ప్రమాదం కాదండీ, పిగిలిపిట్టల సిలబస్సు. కొన్నాళ్లు నేల మీదా పొదల్లోనూ గెంతుతూ రెక్కలు గట్టిచేసుకుంటుంది. అమ్మానాన్నలిద్దరూ పురుగులు తెచ్చి నోట్లో పెడుతుంటారు.

ఈ సిలబస్సు తెలియని రక్షణ బృందం పార్కింగులో సమావేశమవుతుంది. సెక్రటరీ గారు అధ్యక్షులు. "అయ్యో, ఎంత నీరసంగా ఉందో" అంటూ 302 ఆంటీ ఫ్రిజ్‌లోంచి పాలూ, పాత ఇంకు ఫిల్లరూ పట్టుకొస్తారు. మూడో క్లాసు పిల్లాడు అప్పుడే దానికి చింటూ అని పేరు పెట్టేశాడు. కేబుల్ వైరు మీద తల్లి ముక్కున మిడతతో అటూ ఇటూ ఎగురుతూ గోల పెడుతోంది. "వాళ్లమ్మ పైనే ఉంది సార్, మనం పక్కకి జరిగితే దిగుతుంది" అంటాడు వాచ్‌మన్. ఆ సమావేశంలో వినదగ్గ మాట అదొక్కటే. "నువ్వు ముందెళ్లి మోటారు కట్టెయ్" అంటారు సెక్రటరీ గారు. తల్లిని చీపురుతో అదిలిస్తారు, పాపం చింటూ భయపడుతోందని. చెప్పుల డబ్బాలో దూది పరుస్తారు. దూది పోగులు గోళ్లకి చుట్టుకుంటాయి. మూత మీద చిల్లులు పెట్టాలని ఎవరికీ తోచదు, ఫొటోకి అడ్డమని మూతే పెట్టరు కాబట్టి.

"దాన్ని తిరిగి తీగ మీద పెట్టేస్తే?" అని ఎవరైనా అడిగారో, శాస్త్రం బయటికొస్తుంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదట. ఈ మాట చెప్పే పెద్దమనిషి అరచేతిలోనే అప్పటికి పావుగంటగా పిల్ల ఉంటుంది. ఆయన తర్వాత మరో ఏడుగురు సెల్ఫీ కోసం వరసలో ఉంటారు. వాసన చూసి బిడ్డని వదిలేసేంత ముక్కు ఈ పిట్టలకి లేదు. అరుపు విని, తెరిచిన నోరు చూసి మేతపెడతాయి. కాకి పిల్ల కాకికి ముద్దన్నారు పెద్దలు. మనిషి ముట్టనంతవరకే ముద్దని అనలేదు.

ఇక పాల సంగతి. హంస పాలనీ నీళ్లనీ వేరుచేస్తుందని చదువుకున్నాం గనక ప్రతి పిట్టకీ ఆ విద్య వచ్చనుకుంటాం కాబోలు. పక్షి పాలిచ్చే జంతువు కాదు. పాలలోని చక్కెర దాని కడుపులో అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. అసలే ఒంట్లో నీరు తక్కువైన పిల్ల ఇంకా ఎండిపోతుంది. పావురాలు పాలిస్తాయిగా అని వాదించే వాళ్లుంటారు. ఇస్తాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ మెడ సంచిలో తయారుచేసి పెడతారు, పులికాట్ సరస్సుకి వచ్చే రాజహంసలూ (ఫ్లెమింగోలు) అంతే. పావురాలది జున్నుముక్కల్లాంటి పదార్థం, పాలని పేరే గానీ మీ అరలీటరు ప్యాకెట్టుకి చుట్టం కాదు. పాలలో నానబెట్టిన బ్రెడ్డు, పెరుగన్నం, బియ్యపు నూకలు కూడా పిట్టపిల్లకి పడనివే. ఏడాది పొడుగునా గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లకి పెట్టేది పురుగులే.

నీళ్లు పోయడం ఇంకో ఘనకార్యం. పిల్ల నోరు తెరిస్తే నాలుక మొదట్లో చిన్న రంధ్రం కనిపిస్తుంది. అది గాలిగొట్టం ద్వారం. ఫిల్లరు చుక్క సరిగ్గా అక్కడే పడుతుంది. గుక్క తిప్పుకోలేక తల విదిలిస్తుంది, ముక్కు రంధ్రాల్లోంచి బుడగలొస్తాయి. "చూశారా, ఎంత దాహమో, ఎలా తాగుతోందో" అంటారు. తాగడం లేదమ్మా, మునుగుతోంది! ఒంటి మీద గీత లేని పిల్లని, పైన అమ్మా నాన్నా బతికి ఉండగా, మేత తెచ్చి నెత్తి మీద అరుస్తుండగా లాక్కెళ్లి, ఊపిరితిత్తుల్లో నీళ్లు పోసి చంపి, పొద్దున్నే స్టేటస్‌లో 'మిస్ యూ చింటూ' అని పెట్టడానికి సిగ్గుండాలి. మార్చి 20న పిచ్చుకల దినోత్సవం అంటూ వరికుచ్చుల బొమ్మలు పంపేదీ ఈ చేతులే.

నిజానికి చేయాల్సిన పని చాలా తక్కువ. అందులో పాలు లేవు, ఫొటో లేదు, అందుకే ఎవరికీ నచ్చదు. ఈకలొచ్చి గెంతే పిల్లయితే పిల్లిని, కుక్కని, ముందుగా మూడో క్లాసు పిల్లల్ని దూరంగా తోలి, దగ్గర్లోని గుబురు కొమ్మ మీద కూర్చోబెట్టి రావడమే. ఒంటి మీద ఈకలు లేని పిల్ల, కళ్లు తెరవని పిల్ల అయితే అది నిజంగానే పడింది. గూడు అందితే అందులో పెట్టాలి. అయితే ముందు చేత్తో ముట్టుకుని చూడాలి. చల్లగా ఉంటే గుడ్డ చుట్టిన గోరువెచ్చటి నీళ్ల సీసా పక్కన ఉంచి వెచ్చబరచాలి, ఎందుకంటే చలికి బిగుసుకున్న పిల్ల నోరు తెరవదు, నోరు తెరవని పిల్లకి తల్లి మేతపెట్టదు. మే నెల మిట్టమధ్యాహ్నం నోరు తెరుచుకుని రొప్పుతున్న పిల్లకి మాత్రం సీసాలూ బల్బులూ వద్దు, నీడ చాలు.

గూడు చెదిరిపోతే, అడుగున చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ బుట్టలో ఎండు గడ్డి పరిచి పాత గూటి పక్కనే, ఎండ తగలని చోట, ఊగకుండా కట్టాలి. చిల్లుల్లేని డబ్బా కడితే మొదటి వానకే బావి అవుతుంది. తర్వాత ఎవరిళ్లకి వాళ్లు వెళ్లి రెండు గంటలు కిటికీలోంచి చూడాలి. వెళ్లిపోవడమే మనవాళ్లకి చేతకాని పని. బుట్ట చుట్టూ పన్నెండుమంది నిలబడి "ఇంకా రాలేదేం తల్లి?" అని వాచీలు చూసుకుంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్న సామెతలో అమ్మకి ఇక్కడ అన్యాయం జరుగుతోంది. పెట్టడానికి ఆవిడ రెడీ, దారిచ్చేవాళ్లే లేరు.

పిల్లి కరిచిన పిల్ల వేరే కేసు. గాయం కనిపించకపోయినా పిల్లి పళ్ల విషక్రిములు ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తాయి. చీకటి డబ్బాలో పెట్టి, ఏమీ తినిపించకుండా, అదే రోజు పక్షులు చూసే పశువైద్యుడికో అటవీ శాఖ వాళ్లకో అప్పగించాలి. "మేమే పెంచుకుంటాం" అనే వాళ్లకి ఒక లెక్క: రెక్కలు రాని పిల్లకి పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా అరగంటకోసారి మేత. అంటే రోజుకి పాతిక సార్లు. ఆఫీసుకి సెలవు పెట్టండి. పడింది రామచిలుక పిల్లయితే అసలే వద్దు. 2018 నుంచి అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి, దాన్ని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఎంత ముద్దుగా అత్తా అని పిలిచినా.

మళ్లీ పార్కింగుకి వద్దాం. చింటూని గులాబీ కుండీలో పాతిపెట్టారు, రెండు చుక్కల పాలు కూడా పోశారు. ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. ఇలాంటి విషాదం మళ్లీ జరగకూడదని, పిట్టలు పడుతున్నది ఆ తీగ మీంచే గనక దాన్ని మొదలంటా కొట్టించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. వాచ్‌మన్ కత్తి పట్టుకుని ఒకసారి పైకి చూశాడు. "లోపల ఇంకా రెండున్నాయి సార్."

"పాలు తెమ్మంటావా?" అన్నారు సెక్రటరీ గారు.