ఎవరికెంత ఇవ్వాలని అడిగాడు మా నాయన

మే 29. విద్యావేత్త ఎం. ఆనందకృష్ణన్ గారు పోయిన రోజు. 2021లో, కరోనా రెండో వేవ్‌లో, చెన్నైలో. 92 ఏళ్లు. అన్నా యూనివర్సిటీకి 1990 నుంచి 1996 దాకా వీసీ. ఊరంతా లాక్‌డౌన్, కడసారి చూసి రావడానికి కూడా జనానికి వీల్లేని రోజులు. మర్నాడు పేపర్లన్నీ ఒకే మాదిరి రాశాయి. పద్మశ్రీ, ఐఐటీ కాన్పూర్ బోర్డు చైర్మన్, వాషింగ్టన్ ఎంబసీలో సైన్స్ కౌన్సిలర్, ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం. అన్నీ నిజమే. కానీ అందులో ఒక్కటీ మా పొదటూరుపేట దాకా వచ్చింది కాదు. వచ్చింది వేరే ఉంది. దాని గురించే ఈ పోస్ట్, కొంచెం పెద్దది.

ముందే చెప్పేస్తాను, ఆయన్ను నేనొక్కసారి కూడా చూడలేదు. నేను ఇంజినీరింగ్‌లో చేరేటప్పటికి ఆయన వీసీ కుర్చీ దిగి పదేళ్లు దాటింది.

మాది తిరువళ్లూరు జిల్లాలో పళ్ళిపట్టు పక్క. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగు, ఆఫీసు కాగితాలు మాత్రం తమిళం. ఇంటికో మరమగ్గం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ప్లస్ టూకి ఇంగ్లీషు మీడియంలో పడ్డాను. ‘ఆక్సిడేషన్’ అని మాస్టారు అంటుంటే, ఇది మనం చదువుకున్న ఆక్సీకరణమే కదా అని తెలియడానికి వారం పట్టింది.

మీకు ఎంసెట్ ఎలాగో, మాకు అప్పట్లో తమిళనాడు ఎంట్రన్స్ అలాగ. ప్లస్ టూ మార్కులు 200కి, ఎంట్రన్స్ 100కి, మొత్తం మూడు వందలకి ర్యాంకు. ఆ వంద మార్కుల కోసం కోచింగ్ కావాలి. కోచింగ్ కావాలంటే అరక్కోణమో, తిరువళ్లూరో, డబ్బున్నవాళ్లయితే చెన్నైయో. మా నాయన 2006 చివర్లో ఒక కోచింగ్ సెంటర్లో రెండున్నర వేలు అడ్వాన్స్ కట్టాడు. లుంగీలు నేసి కట్టిన డబ్బు. ‘శని, ఆదివారాలు పొయ్యి రా పాపా, బస్సు చార్జీ నేను చూసుకుంటా’ అన్నాడు. పోయాను. అక్కడ చెన్నై స్కూళ్ల పిల్లలు ప్రశ్న మొత్తం చదవకుండానే ఆన్సర్ పెట్టేస్తున్నారు. నేను ప్రశ్నను ఇంగ్లీషులోంచి తెలుగులోకి మార్చుకునేలోపు తర్వాతిది వచ్చేస్తోంది. నాలుగో వారానికి నాకు అర్థమైపోయింది, ఇది నా ఆట కాదని. ఇంట్లో చెప్పలేదు.

ఆ ఏడాది ఎంట్రన్స్ ఉంటుందో ఉండదో కూడా ఎవరికీ తెలియదు. అంతకు ముందు రెండుసార్లు ప్రభుత్వం రద్దు చేసింది, రెండుసార్లూ హైకోర్టు కొట్టేసింది. 2006లో కొత్త ప్రభుత్వం వచ్చాక ఆనందకృష్ణన్ గారి అధ్యక్షతన కమిటీ వేసింది. 78 ఏళ్ల మనిషి. ఎంట్రన్స్ వల్ల పల్లెటూరి పిల్లలు, పేద పిల్లలు వెనకబడుతున్నారని ఆ కమిటీ చెప్పింది. దాని ఆధారంగా ఎంట్రన్స్ రద్దు చేస్తూ చట్టం చేశారు. 2007 మార్చిలో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, ఏప్రిల్‌లో హైకోర్టు కూడా సరేనంది. నా పబ్లిక్ పరీక్షలు అప్పటికే అయిపోయాయి. అంటే పరీక్ష రాసినప్పుడు అది దేనికి లెక్కకొస్తుందో తెలియకుండానే రాశామన్నమాట. ఆ టెన్షన్ 2007 బ్యాచ్ వాళ్లకే తెలుసు.

‘ఎంట్రన్స్ తీసేస్తే మెరిట్ ఏం కావాలి’ అనే అంకుల్స్ మా వేళచ్చేరి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల పిల్లలకు కోచింగ్ ఫీజు వాళ్లే కట్టారు, నాకు తెలుసు. ర్యాంకు వస్తే పిల్లాడి తెలివి, రాకపోతే రిజర్వేషన్ తప్పు. మధ్యలో ఆ రెండేళ్ల ఫీజు మాట ఎవరూ ఎత్తరు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఎంట్రన్స్ పోయాక అన్నీ బాగుపడిపోలేదు. నామక్కల్ వైపు హాస్టల్ స్కూళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ప్లస్ వన్ పాఠాలు ఎగ్గొట్టి రెండేళ్లూ ప్లస్ టూ పుస్తకమే బట్టీ పట్టించడం. జనం వాటికి బ్రాయిలర్ స్కూళ్లని పేరు పెట్టారు, ఆ జిల్లా కోళ్లకే ఫేమస్ కాబట్టి ఇంకా బాగా అతికింది. ఆ పిల్లలు ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో మ్యాథ్స్ తప్పుతుంటే నేను కళ్లారా చూశాను. 2017లో ప్లస్ వన్‌కి కూడా పబ్లిక్ పరీక్ష పెట్టారు, అదే ఏడాది స్కూలు సిలబస్ మొత్తం మార్చడానికి కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడెవరు? మళ్లీ ఈయనే. 89 ఏళ్లకి. మనవాళ్లు ఆ వయసులో సన్మానాలకు మాత్రమే గడప దాటతారు.

సింగిల్ విండో, అంటే అన్ని కాలేజీల సీట్లూ ఒకే చోట ఇచ్చే పద్ధతి, దాని సంగతి చెప్పకుండా ఈయన గురించి చెప్పినట్టు కాదు. అది రాకముందు కాలేజీ కాలేజీకి అప్లికేషన్ పెట్టుకుని, ప్రతి గేటు దగ్గరా ఎవరో ఒకరిని పట్టుకుని, ‘డొనేషన్ ఎంత’ అని అడగడం. ఇది మన తెలుగువాళ్లకు కొత్త కాదు. బెంగళూరుకీ మద్రాసుకీ డొనేషన్ సీట్ల కోసం సూట్‌కేసులతో వచ్చినవాళ్లలో మనమూ ఉన్నాం. 1993లో క్యాపిటేషన్ ఫీజు మీద సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఉన్నికృష్ణన్ కేసులో అవతలి పార్టీ కూడా మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. తమిళనాడులో ఒకే చోట, ఒకే ర్యాంకు లిస్టుతో, అందరి ముందూ సీట్లిచ్చే పద్ధతికి రూపమిచ్చిన మనిషిగా ఆనందకృష్ణన్ గారికే పేరు.

అది ఎలా ఉండేదో చూడనివాళ్లకు చెబుతాను, 2018 నుంచి అంతా ఆన్‌లైన్ అయిపోయింది కాబట్టి. అన్నా యూనివర్సిటీ గిండీ క్యాంపస్. 2007 జులై. చెట్ల కింద తుండుగుడ్డలు పరుచుకుని కుటుంబాలకు కుటుంబాలు. కౌన్సెలింగ్ కాల్ లెటర్ చూపిస్తే నాకూ, తోడు వచ్చినవాళ్లకూ బస్సులో సగం టికెట్టే. మా నాయన చేతిలో స్టీలు డబ్బా, అందులో చింతపండు పులిహోర. హాల్లో పెద్ద స్క్రీన్. కాలేజీ పేరు, బ్రాంచి, మిగిలిన సీట్లు. నాకు కావలసిన చోట ఎలక్ట్రానిక్స్‌లో మా కేటగిరీకి నాలుగున్నాయి. నా కటాఫ్, అంటే సీటుకి లెక్కకొచ్చే ప్లస్ టూ మార్కులు, 200కి 178.5. నా ముందు పదిహేను మందో, ఇరవై మందో. నాలుగు మూడైంది. మా నాయనకు ఇంగ్లీషు రాదు కానీ అంకెలు వచ్చు. మూడు రెండైనప్పుడు డబ్బా మూత గట్టిగా నొక్కాడు, టక్కుమని చప్పుడైంది, ముందు వరసలో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

రెండు దగ్గరే ఆగింది. నా వంతు వచ్చింది. నొక్కాను. ఒకటైంది.

బయటికొచ్చాక అడ్వాన్స్ కౌంటర్ దగ్గర మా నాయన నా చెవిలో అడిగాడు, ‘ఇప్పుడు ఎవురికి ఎంత ఇయ్యాల?’ నేను ఫీజు గురించనుకున్నాను. కాదు. పంచె మడతలో పదివేలు వేరేగా కట్టుకొచ్చాడు. ‘సీటిచ్చిన సారుకి.’ సీటిచ్చింది కంప్యూటరు నాయనా అంటే నమ్మడే! రసీదు చేతికొచ్చాక కూడా ఇంకో పావుగంట అక్కడే నిలబడ్డాడు, ఎవరైనా పిలుస్తారేమోనని. ఎవరూ పిలవలేదు. ఆ పదివేలు మళ్లీ పంచెలోనే ఊరికొచ్చాయి.

కోచింగ్ సెంటర్ వాళ్లు మాత్రం మా రెండున్నర వేలు తిరిగివ్వలేదు. ‘మేమేం చేస్తాం, ప్రభుత్వం తీసేసింది’ అన్నారు.

ఇవాళ ఇదంతా ఎందుకంటే, అదే అన్నా యూనివర్సిటీలో 2024 ఆగస్టులో వీసీ పదవీకాలం అయిపోతే ఆ కుర్చీ నెలలకు నెలలు ఖాళీగా ఉండిపోయింది. మద్రాస్ యూనివర్సిటీది అంతకు ఏడాది ముందు నుంచే. గవర్నర్‌కీ ప్రభుత్వానికీ, కొత్త వీసీని వెతికే సెర్చ్ కమిటీలో ఎవరుండాలన్న దగ్గరే పేచీ వచ్చింది. ఎవరిది తప్పన్నది కోర్టులు తేల్చుకుంటాయి. నాకు ఒళ్లు మండేది ఏమిటంటే, వీసీ లేడని ఎవరికీ ఏమీ అనిపించకపోవడం. డిగ్రీ సర్టిఫికెట్ మీద సంతకం ఎవరు పెడతారన్నదే మన బెంగ. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మగ్గాల ఊళ్లో పిల్ల దగ్గరకు కూడా చేరగలడన్న సంగతి జనం మరిచిపోయారు.

ఇంకొకటి. 1999లో చెన్నైలో జరిగిన తమిళనెట్ సదస్సు వెనక కూడా ఈయనే, తమిళానికి ఒకే కీబోర్డు పద్ధతి కుదిరింది అక్కడే. మనకా? మా ఆఫీసులో ముగ్గురు తెలుగువాళ్లం, మూడు రకాలుగా టైప్ చేస్తాం.

ఆ రోజు, 2021లో, మా నాయనకు ఫోన్ చేసి చెప్పాను. ఇంట్లో మగ్గమే కాబట్టి లాక్‌డౌన్‌లోనూ నడుస్తోంది, ఆ టకటకలో ఏదీ వినపడదు. ‘ఎవురూ?’ అన్నాడు. రెండుసార్లు పేరు చెప్పాను. ‘అదే నాయనా, ఎంట్రన్స్ తీసేయించిన ఆయన.’

‘ఓ. ఆ సారా.’

మగ్గం చప్పుడు ఆగిపోయింది. నాకు గొంతు పట్టేసింది. ఆయన కోసం ఆపాడనుకున్నాను.

‘కరెంటు పాయె’ అన్నాడు.