సదరం శాతం తర్వాత ఏమిటి?

ఉత్తర తెలంగాణ పల్లెల్లో కష్టం చేసుకు బతికే మగవాళ్లు ఉన్నట్టుండి మంచాన పడటానికి ఉన్న కారణాల్లో తాటిచెట్టు మీది నుంచి పడటం ఒకటి. చెట్టెక్కే తాడు, అంటే మోకు జారి కిందపడిన గీత కార్మికుడికి వెన్నుపాము దెబ్బతింటే నడుము కింద కదలికతో పాటు స్పర్శ, మలమూత్రాల మీద అదుపు కూడా పోవచ్చు. ఇలాంటి ప్రమాదాలను తగ్గించేందుకు 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్ష కిట్ల పంపిణీ మొదలుపెట్టింది, మంచిదే. అయితే ఇప్పటికే పడి బతికి బయటపడ్డవాళ్ల విషయానికి వస్తే మన వ్యవస్థ అడిగేది ఒక్కటే: వైకల్యం ఎంతో లెక్కగట్టి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో ఎంత శాతం?

పింఛనుకు ఆ శాతం కావాలి, కాదనలేం. 40 శాతం ఉంటే నెలకు 4,016 రూపాయలకు అర్హత వస్తుంది. కానీ ఆ అంకె శరీరానికి జరిగిన నష్టాన్ని చెబుతుందే తప్ప, ఆ మనిషి పొద్దున లేచింది మొదలు ఏ పనికి ఎవరి మీద ఆధారపడుతున్నాడో, ఏ పని తానే చేసుకోవాలనుకుంటున్నాడో చెప్పదు. హనుమకొండలో లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంటులో ఉండే ఉద్యోగికీ, ములుగు వైపు పెంకుటింట్లో ఉండే కూలీకీ ఒకే శాతం పడవచ్చు.

శిబిరాల్లో పంచే వీల్‌చైర్‌నే చూద్దాం. సీటు వెడల్పు మనిషికి సరిపోతుందా, ఇంటి గడప ఎంత ఎత్తుంది, మరుగుదొడ్డి పెరట్లో ఎంత దూరంలో ఉంది అని అడిగేవాళ్లు అరుదు. ఫొటోకు మాత్రం అందరూ ఉంటారు. స్పర్శ లేని ఒంటికి సరైన కుషన్ లేని కుర్చీ హాని చేస్తుంది. బరువంతా ఒకేచోట పడి పిరుదుల దగ్గర పుండు లేస్తుంది, నొప్పి తెలియదు కనుక లోతుగా పాకేదాకా ఎవరి దృష్టికీ రాదు. పావుగంటకో అరగంటకో చేతుల మీద ఒళ్లు పైకి లేపుకోవడం, అద్దం పట్టి చర్మం చూసుకోవడం, నాలుగైదు గంటలకోసారి శుభ్రమైన గొట్టంతో మూత్రం తీసుకోవడం నేర్పితే, చేతుల్లో సత్తువ ఉన్నవాళ్లలో చాలామంది ఈ పనులు తామే చేసుకోగలరు. అయితే అవి వార్డులో ఒకసారి చెప్పి పంపితే వచ్చేవి కావు.

ఇంట్లో నిర్ణయాలు ఎవరివన్నది ఇంకా చిక్కు ప్రశ్న. సాయంత్రం కల్లు మండువ దగ్గర కూర్చుని గీత సంఘం లెక్కలు చూడాలని మంచాన పడ్డ గీత కార్మికుడికి ఉండవచ్చు. "నీకెందుకు, మేం లేమా" అని ఇంటివాళ్లు ప్రేమతోనే ఆపేస్తారు. ఆ ప్రేమను తప్పుపట్టడం తేలిక. భర్తను ఎత్తి దించడానికి కూలి మానుకున్న భార్యకు మరో దారి చూపకుండా అతని ఇష్టాయిష్టాల గురించి మాట్లాడటం మాత్రం అన్యాయం.

చట్టంలో ఇందుకు చోటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 38వ సెక్షన్ కింద, 40 శాతమో అంతకు మించో వైకల్యం ఉండి ఎక్కువ సాయం అవసరమని భావించే వ్యక్తి తానే దరఖాస్తు చేసుకోవచ్చు. 24వ సెక్షన్ అలాంటివారికి సంరక్షకుల భత్యాన్ని ప్రస్తావిస్తుంది. కేరళ ఆశ్వాసకిరణం పేరుతో మంచాన ఉన్నవారిని చూసుకునేవాళ్లకు నెలకు 600 రూపాయల సాయం పెట్టింది. మొత్తం చిన్నదే అయినా, చూసుకోవడం కూడా పనేనని అది ఒప్పుకుంది.

మన దగ్గర తీవ్రమైన జబ్బులున్నవారికి బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ సిబ్బంది రోగుల ఇళ్లకు వెళ్లే ఏర్పాటు ఇప్పటికే ఉంది. అదే బాటలో ఒక ఫిజియోథెరపిస్టును వెన్నుపాము దెబ్బతిన్నవారి ఇళ్లకు పంపి, కుర్చీ మంజూరుకు ముందే గడపనూ మరుగుదొడ్డినీ కొలిపించి, ఏ పని ముందు నేర్చుకుంటావని అతన్నే అడిగించడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. ఒక్క మండలంలోనైనా, పరకాలలోనో నర్సంపేటలోనో, దీన్ని మొదలుపెట్టవచ్చు.