మైనస్ పదహారు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఈబిజీ, అనగా మైనస్ 16 గారికి,
విద్యుత్ నిర్వహణ విభాగం, లైనక్స్ కెర్నల్.

ఉభయకుశలోపరి. మీరు క్షేమమేనా అని అడగవలసిన అవసరం నాకు కనిపించలేదు, ఎందుకంటే మీరు ఎప్పుడు పలకరించినా పనిలోనే ఉంటారు. మీ పేరుకు అర్థమే అది: కంప్యూటర్‌లో యంత్రభాగాలనూ ప్రోగ్రాములనూ నడిపించే మూల సాఫ్ట్‌వేర్ అయిన కెర్నల్, అడిగిన పని కుదరనప్పుడు మైనస్ గుర్తు పెట్టి పైకి పంపే తప్పు సంఖ్యల్లో "పనిలో ఉన్నాను" అనేది మీరు. నేను డ్రైవర్లు రాసి పొట్ట పోసుకునేవాణ్ణి. కారు డ్రైవర్‌ను కాను, టచ్‌ప్యాడ్ వంటి పరికరాలకు కెర్నల్‌తో మాట్లాడడం నేర్పే డ్రైవర్లు రాస్తాను. మీతో నాకు చాలా ఏళ్ల పరిచయం ఉంది కానీ, మీ మాటకు అర్థం ఏమిటో ఈనాటికీ తెలియలేదు.

గత నెలలో ఒక రాత్రి సికింద్రాబాద్‌లో విశాఖపట్నం రైలెక్కుతూ, పరీక్షల కోసం వాడే ల్యాప్‌టాప్ మూత వేసి సంచిలో పెట్టి, ఆ సంచినే తలగడ చేసుకుని పడుకున్నాను. విజయవాడ వచ్చేసరికి తల కింద అట్లపెనం పెట్టినట్టయింది. మూత తెరిచి కెర్నల్ లాగ్, అంటే అది జరిగినవి రాసుకునే చిట్టా, చూస్తే, ఒక పరికరం నిద్రకు ఒప్పుకోలేదనీ, కారణం మైనస్ 16 అనీ ఒకే ఒక్క వాక్యం ఉంది. మీ విభాగం పద్ధతి తెలియనివారి కోసం చెబుతున్నాను: యంత్రాన్ని నిద్రపుచ్చేటప్పుడు కెర్నల్ పరికరాలను వరసగా పడుకోబెడుతూ వెళ్తుంది; వాటిలో ఏ ఒక్కటి కాదన్నా, అప్పటిదాకా పడుకున్నవాటన్నిటినీ మళ్ళీ లేపేస్తుంది. మా బోగీలో ఒక్క పెద్దమనిషికి నిద్ర పట్టనందుకు దీపాలన్నీ వేసి డెబ్బై రెండు మందినీ లేపి కూర్చోబెడితే ఎలా ఉంటుందో, నా సంచిలో రాత్రంతా అదే జరిగింది.

కాదన్నందుకు నాకు కోపం లేదు. కాదనే హక్కు ప్రతి పరికరానికీ ఉంది. ఎందుకు కాదన్నారో తేల్చుకోబోతే మీరు ఒక్కరే మూడు వేషాలలో ఎదురయ్యారు. నిద్రకు ముందు కెర్నల్ ప్రోగ్రాములన్నిటినీ స్తంభింపజేస్తుంది. మామూలుగా ఇచ్చే 20 సెకన్ల గడువులో ఏదో ఒకటి లొంగకపోతే పైకి వెళ్ళేది మీరే. సరిగ్గా ఆ సమయంలో ఎవరో మీట నొక్కి యంత్రాన్ని మేల్కొలపాలనుకుంటే, అది తప్పు కాకపోయినా, పైకి వెళ్ళేది మీరే. పరికరం నిజంగానే పని మధ్యలో ఉంటే అప్పుడూ మీరే. మొండివాడికీ, మెలకువ కోరేవాడికీ, పనిమంతుడికీ ఒకే చీటీ రాసి పంపితే, పైన చదివేవాడు ఎవరిని బతిమాలాలి, ఎవరిని ఆగమనాలి, ఎవరిని వదిలేయాలి?

మీ వంశచరిత్ర తిరగేస్తే కొంత జాలి కలిగిన మాట నిజం. 1979లో వచ్చిన, లైనక్స్‌కు పూర్వీకుడనదగ్గ యూనిక్స్ ఏడవ కూర్పు మాన్యువల్‌లో 16వ సంఖ్యకు ఎదురుగా ఉన్న అర్థం చాలా చిన్నది: ఇప్పటికే మౌంట్ చేసిన, అంటే వాడుకకు తగిలించిన, డిస్క్‌ను మళ్ళీ మౌంట్ చేయబోయినా, వాడుకలో ఉన్నదాన్ని విడదీయబోయినా మీరు వచ్చి అడ్డుపడేవారు. అదే పట్టికలో మీ దాయాది 11, అంటే "మళ్ళీ అడుగు" అనే ఈఎగైన్, కొత్త ప్రాసెస్ (నడిచే ప్రోగ్రాము) పుట్టించడానికి పట్టికలో చోటు లేదని చెప్పడానికి పెట్టినవాడు. డిస్క్ గుమ్మం దగ్గర కాపలా కాసేవారిని తీసుకొచ్చి నిద్రాశాఖకు అధికారిని చేశారు. బదిలీ ఉత్తర్వు ఇచ్చినవాళ్ళు కొత్త ఉద్యోగంలో మీ విధులేమిటో మాత్రం రాసి ఇవ్వలేదు.

2009లో కెర్నల్ 2.6.32తో రన్‌టైమ్ విద్యుత్ నిర్వహణ వచ్చాక ఈ గందరగోళం ఊరి పంచాయతీ అంత పెద్దదయింది. యంత్రం మెలకువగా ఉండగానే, పనిలేని పరికరాలను విడివిడిగా పడుకోబెట్టే ఏర్పాటు అది. ఫోన్లలో బ్యాటరీ సాయంత్రం దాకా నిలవడంలో దాని పాత్ర చిన్నది కాదు. అక్కడ ఒక పరికరాన్ని పడుకోబెట్టవచ్చా అని అడిగితే, దాన్ని ఇంకా ఎవరో వాడుతున్నారంటే ఈఎగైన్ వస్తాడు. దాని కింద ఉన్న పిల్ల పరికరం మెలకువగా ఉందంటే మీరు వస్తారు. ఈ రెండింటికీ తేడా ఏమిటని నేను చాలాకాలం తల పట్టుకున్నాను. నిజానికి రెండింటిలోనూ అడిగినవాడు మళ్ళీ రానవసరం లేదు: చివరి వాడుకరి వదిలేయగానే వాడుకరుల లెక్క సున్నా అయి కెర్నలే ఆ సంగతి చూసుకుంటుంది, చివరి పిల్ల పడుకోగానే తల్లి సంగతీ అదే చూసుకుంటుంది. అయినా ఒకరు తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసి పెడతారు, ఇంకొకరు "అయ్యగారు పనిలో ఉన్నారు" అంటారు. మా ఊళ్ళో గోడల మీద ఆ రాత దయ్యాన్ని మోసం చేయడానికి రాసేవారు. మీరు డ్రైవర్ రచయితల కోసం రాస్తున్నారు, మేము నమ్మి రోజూ తిరుగుతున్నాము.

అసలు ఏర్పాటునే ఆపేసి ఉంటే 13వ సంఖ్య వచ్చి అనుమతి నిరాకరించబడింది అంటుంది. మేల్కోవడానికి క్షణం ఆలస్యం కూడా పనికిరాదని ఎవరైనా షరతు పెట్టి ఉంటే 1వ సంఖ్య వచ్చి ఈ పని అనుమతించబడదు అంటుంది. ఈ రెండు వాక్యాలకూ మధ్య గీత గీయగల పండితుడు ఉంటే నేను శాలువా కప్పడానికి సిద్ధం.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువ ఏడిపించినవాడు 22, అంటే ఈఇన్వాల్. పడుకోమన్నప్పుడు డ్రైవర్ మిమ్మల్నో ఈఎగైన్‌నో పంపితే పరవాలేదు, తాత్కాలికమని సరిపెట్టుకుంటారు. మరే సంఖ్య పంపినా, ఉదాహరణకు తీగల్లో లోపం వచ్చి ఈఐఓ (రాకపోకల్లో లోపం) పంపినా, దాన్ని ప్రాణాంతకంగా లెక్కగట్టి, స్థితిని చేత్తో సరిదిద్దేదాకా ఆ పరికరం జోలికి రానివ్వరు. అక్కడిదాకా న్యాయమే. ఆ తరువాత ఎవరు వచ్చి ఏమడిగినా "మీరిచ్చిన ఆర్గ్యుమెంట్ (అడిగేటప్పుడు అందించిన వివరం) చెల్లదు" అని ఈఇన్వాల్ జవాబు వస్తుంది. నేనిచ్చిన ఆర్గ్యుమెంట్ పరికరం చిరునామా. అది నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. చెడింది పరికరం, మాట పడింది నేను. అసలు కారణం కెర్నల్ తన దగ్గరే ఒక అరలో దాచుకుని, గుమ్మంలో నిలబడ్డవాడికి దరఖాస్తు తప్పని చెప్పి పంపడం ఏ ఆఫీసులో నేర్చుకున్న విద్యో నాకు తెలియదు గానీ, ఆ ఆఫీసును నేనెక్కడో చూశాను.

విజయానికి కూడా రెండు సంఖ్యలుండడం మరొక చిక్కు. లేపమంటే లేపితే సున్నా, అప్పటికే లేచి ఉంటే 1. సున్నా కానిదంతా తప్పే అనుకున్న అమాయకుడు మెలకువగా ఉన్న పరికరాన్ని చచ్చిందని ప్రకటిస్తాడు. పైగా లేపడంలో ఓడిపోయినా వాడుకరుల లెక్క మాత్రం ఒకటి పెరిగే పాత పద్ధతి ఉంది; తప్పు కనబడగానే వెనక్కి తిరిగిన డ్రైవర్లు ఆ లెక్క తగ్గించడం మరిచిపోయి, పరికరాన్ని శాశ్వత జాగారానికి కూర్చోబెట్టాయి. అందుకే 2020లో కెర్నల్ 5.10లో, ఓడితే లెక్క తనే తగ్గించి, గెలిస్తే సున్నా మాత్రమే ఇచ్చే కొత్త ఫంక్షన్ (పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) తెచ్చారు. ఇక విద్యుత్ నిర్వహణ లేకుండా కూర్చిన కెర్నల్‌లో లేపమంటే 1 అని సంతోషంగా చెప్పి, పడుకోబెట్టమంటే 38, అంటే అలాంటి సదుపాయమే లేదు, అని చెప్పే ఆచారం ఉండేది. వదిలేసే పిలుపు ఫలితాన్ని యథాతథంగా పైకి పంపిన డ్రైవర్, ఏ లోపమూ లేని చోట తానే లోపమని ఫిర్యాదు చేసుకునేది.

ఇప్పుడు రైలు సంగతి. ఆ రాత్రి నిద్రకు ఒప్పుకోని పరికరం టచ్‌ప్యాడ్. ఆ డ్రైవర్ రాసింది నేనే. ఇంటికి వచ్చి కోడ్ తెరిచి చూస్తే, ఫర్మ్‌వేర్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) మారుతున్నప్పుడు మైనస్ 16, చిప్ గడువులోగా జవాబివ్వకపోతే మైనస్ 16, చిప్ ఇచ్చిన జవాబు నాకు అర్థం కాకపోయినా మైనస్ 16. ఎందుకలా రాశానా అని వెతికితే, పక్క ఫైల్లో ఎవరో అలాగే రాశారు. వారు తమ పక్క ఫైల్లో చూసి రాసి ఉంటారు. మూడింటిలో ఆ రాత్రి ఏది జరిగిందో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, నేనే చెప్పలేకపోయాను.

కనుక మీకు పెన్షన్ ఇవ్వమని నేను కోరడం లేదు. ఇన్నేళ్ల మీ మాట మీద లెక్కలేనన్ని డ్రైవర్లు షరతులు రాసుకున్నాయి, మిమ్మల్ని రాత్రికి రాత్రి మారిస్తే అవన్నీ తలకిందులవుతాయని నాకు తెలుసు. ఒక్క ఫంక్షన్ గుమ్మంలో మాత్రం ఒక్క సంఖ్యకు ఒక్క అర్థం ఉండాలనీ, ఆ అర్థం ఆ ఫంక్షన్ పైనున్న వ్యాఖ్యలో రాసి ఉండాలనీ, కోడ్ మారిన రోజునే వ్యాఖ్యా మారాలనీ కోరుతున్నాను. మళ్ళీ అడగమంటే మళ్ళీ అడిగితే ఫలితం ఉండాలి. అడగనక్కరలేదు, మేమే చూసుకుంటాము అన్నదానికి వేరే సంఖ్య కావాలి. చెడిపోయినదాన్ని చెడిపోయిందనే అనాలి. నా వంతుగా టచ్‌ప్యాడ్ డ్రైవర్‌లో మూడు మైనస్ పదహార్లను మూడు వేరువేరు సంఖ్యలుగా మార్చాను. రెండవది మార్చేటప్పుడు ఏది వాడాలో తెలియక ఒక గంట కూర్చున్నాను, ఆ గంటకు బాధ్యత మీ బంధువర్గానిదే.

ఇట్లు,
మీ జాగారంలో తోడున్న
ఒక డ్రైవర్ రచయిత

తా.క.: జవాబు రాయడానికి మీకు తీరిక ఉండదని ఎరుగుదును. రాయలేకపోతే మానండి, మిమ్మల్ని పట్టుకుని కూర్చున్నది ఎవరో ఆ పేరొక్కటి లాగ్‌లో వేయించండి.